వాచ్‌మన్‌కూ రెండొందలే, ఎండీకీ రెండొందలే: ఇద్దరు ఆర్థిక మంత్రులకు బహిరంగ లేఖ

తెలంగాణ ఉప ముఖ్యమంత్రి, ఆర్థిక మంత్రి శ్రీ మల్లు భట్టి విక్రమార్క గారికి,
ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రి శ్రీ పయ్యావుల కేశవ్ గారికి,

నమస్కారం.

మాది తెనాలి పక్కన పల్లె. ఉంటున్నది హైదరాబాద్‌లో. ఇరవై రెండేళ్లుగా చిన్నాచితకా కంపెనీలకు లెక్కలు రాసి, జీతాలు చేసి బతుకుతున్నవాణ్ణి. పుట్టింది ఒక రాష్ట్రం, పన్ను కడుతున్నది ఇంకో రాష్ట్రం కాబట్టి ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. మీకు తీరిక లేకపోయినా, బడ్జెట్ కసరత్తులో కూర్చునే అధికారులెవరైనా ఒకసారి చూస్తారని ఆశ.

నెలాఖరున నేను జీతాల షీటు తెరుస్తాను. అందులో 'పీటీ' అని ఒక వరస ఉంటుంది. వృత్తి పన్ను. మిగతావన్నీ మనిషిని బట్టి మారతాయి. బేసిక్ మారుతుంది, పీఎఫ్ మారుతుంది, టీడీఎస్ మారుతుంది. పీటీ దగ్గర మాత్రం నాకు శ్రమ లేదు. పైగడిలో 200 అని కొట్టి, మౌస్‌తో పట్టుకుని కిందిదాకా లాగి వదిలేస్తే పని అయిపోతుంది. ఒక కంపెనీలో వాచ్‌మన్ జీతం 21,500. ఎండీ జీతం 9 లక్షలు. ఇద్దరికీ 200.

పోయిన ఏడాది అక్కడే ఆఫీసు బాయ్‌కి జీతం 19,600 నుంచి 20,400 అయింది. ఇరవై వేలు దాటగానే పీటీ 150 నుంచి 200కి మారింది. "సార్, పెంచింది ఎనిమిదొందలు, అందులో యాభై మీరే పట్టేశారు" అన్నాడు. నేను కాదు నాయనా, ప్రభుత్వం అన్నాను. "మరి పెద్దసారుకి కూడా పెంచారుగా, ఆయనకెంత పట్టారు?" అని అడిగాడు. పని ఉన్నట్టు నటించి తల దించుకున్నాను.

ఎంత చెట్టుకు అంత గాలి అంటారు. మన వృత్తి పన్నులో తులసి మొక్కకూ మర్రిమానుకూ ఒకటే గాలి.

ఇది మీ తప్పు కాదని నాకు తెలుసు. రాజ్యాంగంలో 276వ అధికరణం వృత్తి పన్నుకు గరిష్ఠ పరిమితి పెట్టింది. మొదట ఏడాదికి 250 రూపాయలు. 1988లో 60వ సవరణతో దాన్ని 2,500 చేశారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్న నాథుడు లేడు. 1988లో పది గ్రాముల బంగారం మూడు వేల చిల్లర. అంటే ఆ రోజు పార్లమెంటు వేసిన పరిమితి దాదాపు ఎనిమిది గ్రాముల బంగారమంత బరువైంది. ఈ రోజు ఆ 2,500తో బంగారం దుకాణానికి వెళ్తే ముక్కుపుడక కూడా చూపించరు.

మిగతా దార్లు కూడా మూసుకుపోయాయి. వ్యవసాయేతర ఆదాయం మీద పన్ను కేంద్రానిది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక విలాస వస్తువు అమ్మకం మీద విడిగా ఓ రూపాయి వేసే హక్కు రాష్ట్రానికి పోయింది. చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీని 1985లో ఎత్తేశారు. 2015 బడ్జెట్‌లో సంపద పన్ను ఎత్తేశారు. ఆ పన్ను కింద 2013-14లో దేశం మొత్తం మీద వచ్చింది 1,008 కోట్లేనట. దాని బదులు కోటి దాటిన ఆదాయంపై సర్‌చార్జి, అంటే పన్ను మీద పన్ను, పెంచారు. బాగానే ఉంది. కానీ సర్‌చార్జిలు, సెస్సులు రాష్ట్రాలతో పంచుకునే మూటలోకి రావు. జూబ్లీహిల్స్ కోటీశ్వరుడి దగ్గర కేంద్రం అదనంగా వసూలు చేసే ఆ సర్‌చార్జిలో తెలంగాణకు వాటాగా దక్కేది సున్నా. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం.

అందుకని మీరేం చేస్తున్నారు? డబ్బు కావలసినప్పుడల్లా చెయ్యి పోయేది రెండే చోట్లకు. వైన్ షాపు, పెట్రోలు బంకు. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రలో 31 శాతం, దానిపైన లీటరుకు నాలుగు రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు ఓ రూపాయి. రోజంతా బండి మీద బిర్యానీ పొట్లాలు మోసే కుర్రాడు లీటరుకు ఎంత కడతాడో, రేంజ్ రోవర్‌లో వెళ్లే ఆయనా అంతే కడతాడు. మందు సంగతి చెప్పక్కర్లేదు. కూలి డబ్బులో క్వార్టర్ సీసా తినేసే వాటా ఎంతో, పెద్దవాళ్ల ఆదాయంలో సింగిల్ మాల్ట్ తినేసే వాటా ఎంతో మీకు నేను చెప్పాలా.

ధనికుల మీద ఇంకొంచెం వేయండి అని ఎవరన్నా అంటే ఒకటే జవాబు వస్తుంది. వేస్తే పారిపోతారు, పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుంది అని. ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. మన కళ్లముందే పారిపోయినవి ఉన్నాయి. అవేమిటంటే కార్లు. కేరళలో 2017లో పెద్ద గొడవైంది. అక్కడ లగ్జరీ కార్ల మీద పన్ను ఎక్కువ, పుదుచ్చేరిలో తక్కువ. దాంతో కొచ్చిలో తిరిగే కార్లకు పుదుచ్చేరి చిరునామా, పీవై నంబరు. కర్ణాటకలోనూ ఇదే కథ నడిచింది. చక్రాలున్న ఆస్తి మీద పన్ను పెంచితే అది పారిపోతుంది. అందులో వింతేముంది?

మనుషుల సంగతి ఇంత తేలిక కాదు. దీనికి మంచి ఉదాహరణలు అమెరికాలో ఉన్నాయి. అక్కడ రాష్ట్రాలకు ఆదాయపు పన్ను వేసుకునే హక్కుంది కాబట్టి ఈ ప్రయోగం పదేపదే జరిగింది. మన పిల్లలు అక్కడే ఉన్నారు కాబట్టి మనకూ కొంత ఎరుకే.

మసాచుసెట్స్ ప్రజలు 2022 నవంబరులో ఓటు వేసి, ఏడాదికి పది లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై అదనంగా 4 శాతం పన్ను తెచ్చుకున్నారు. ఆ డబ్బు చదువులకు, రవాణాకే ఖర్చు పెట్టాలని అందులోనే రాసుకున్నారు. గెలిచింది బొటాబొటీగానే, 52 శాతంతో. మొదటి పూర్తి బడ్జెట్ సంవత్సరంలో వంద కోట్ల డాలర్లు లెక్కలో వేసుకుంటే వచ్చింది రెండు వందల కోట్లకు పైనే. బడి పిల్లలందరికీ ఉచిత భోజనం ఆ డబ్బుతోనే నడుస్తోంది. ఊరు ఖాళీ అవుతుందన్న జోస్యం ఫలించలేదు.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను లెక్కలవాణ్ణే కాదు. కాలిఫోర్నియా 2012లో పైస్థాయి రేటును 10.3 నుంచి 13.3 శాతానికి పెంచింది. ఆర్థికవేత్తలు ఆ పన్ను రికార్డులే తీసి చూస్తే, వస్తుందనుకున్న అదనపు రాబడిలో మొదటి ఏడాదే 45 శాతం దాకా కరిగిపోయిందని తేలింది. ఇందులో అసలు విషయం వేరే ఉంది. రాష్ట్రం వదిలి పోయినవాళ్ల వల్ల పోయింది తక్కువ. కదలకుండా అక్కడే ఉండి, ఆదాయం తక్కువగా కనిపించేలా సర్దుకున్నవాళ్ల వల్ల పోయిందే ఎక్కువ. అంటే పారిపోయేది మనిషి కన్నా ముందు కాగితం. ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా వృత్తిలో ఇది తెలియనివాడెవడు?

న్యూజెర్సీది ఇంకో పాఠం. సంపన్నుల డబ్బును మదుపు చేసే ఒక్క హెడ్జ్ ఫండ్ యజమాని ఫ్లోరిడాకు మకాం మార్చాడు. 2016లో న్యూజెర్సీ శాసనసభ బడ్జెట్ అధికారే లేచి, ఈ ఒక్కడి వల్ల ఆదాయ అంచనాలు తారుమారు కావచ్చని హెచ్చరించాడు. పిడికెడు మంది ఆదాయం మీద ఖజానాను నిలబెడితే, అందులో ఒకడు దగ్గినా ఖజానాకు జలుబు చేస్తుంది. షేర్ మార్కెట్ పడిన ఏడాది ఇంకా ఘోరం.

మా మేనల్లుడు మూడేళ్ల కిందట కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు మారాడు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఫోన్లో పొంగిపోయాడు. ఏడాది తిరిగాక మళ్లీ ఫోన్: "మామయ్యా, స్టేట్ టాక్స్ తప్పిందనుకుంటే, ఇంటి పన్ను కాగితం చూసి కుర్చీలో కూలబడ్డా." ఆదాయం మీద వేయని ప్రభుత్వం ఇంటి మీద వేస్తుంది. అయినా వాడేం తిరిగిపోలేదు. గుడి దగ్గర, తెలుగువాళ్లు ఎక్కువ, ఇల్లు పెద్దది, పిల్లలు బళ్లో కుదురుకున్నారు. వాడు మారింది పన్ను కోసమని వాడంటాడు. ఇంటి ధర కోసమని వాళ్ల ఆవిడ అంటుంది. నేను ఆవిడ మాటే నమ్ముతాను.

ఇంత చెప్పింది ఎందుకంటే, మీ ఇద్దరి చేతుల్లో ఉన్న అసలైన అస్త్రం ఆదాయం కాదు. దాన్ని రాజ్యాంగమే మీకివ్వలేదు. మీకిచ్చింది భూమి, భవనం. రాష్ట్ర జాబితాలో 49వ పద్దు. దానికి చక్రాలు లేవు, పాస్‌పోర్టు లేదు, పుదుచ్చేరి నంబరు వేయించుకోలేదు. దుబాయ్‌లో కూర్చున్న యజమాని కూడా కోకాపేటలోని ఎకరాన్ని సూట్‌కేసులో పెట్టుకుపోలేడు.

ఆ ఎకరం ధర ఎంతో మీకు నాకన్నా బాగా తెలుసు, అమ్మింది ప్రభుత్వమే కదా. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు. గజానికి లెక్కేస్తే మూడు లక్షల అరవై వేల పైమాట. ఆ ధర ఎవరి చెమట? చుట్టూ ఔటర్ రింగ్ రోడ్డు వేసింది, తాగునీరు తెచ్చింది, ఫ్లైఓవర్లు కట్టింది జనం డబ్బు. చుట్టుపక్కల కొని పడేసి, ప్రహరీ కట్టి, గేటుకు తాళం వేసి ఊరుకున్నవాళ్లకు ఈ పెరుగుదల నిద్రలో వచ్చింది.

మరి ఏటా ఇంటి పన్ను ఎంత? జీహెచ్ఎంసీ నివాస గృహాల శ్లాబులు ఎప్పుడన్నా తీరిగ్గా చూశారా? నెల అద్దె విలువ 50 రూపాయల లోపుంటే పన్ను లేదు. 51 నుంచి 100 దాకా 17 శాతం. 200 దాకా 19. 300 దాకా 22. మూడొందలు దాటితే 30 శాతం, అదే ఆఖరి మెట్టు. నెలకు మూడొందల అద్దె! ఈ నగరంలో మూడొందలకు స్కూటరు పెట్టుకునే చోటు కూడా దొరకదు. అంటే మెట్లున్నట్టు కనిపిస్తాయి గానీ, చాలామంది పైమెట్టు మీదే నిలబడి ఉన్నారు. అంబర్‌పేటలో రెండు గదుల ఫ్లాటూ 30 శాతమే, బంజారాహిల్స్‌లో స్విమ్మింగ్ పూలున్న ఇల్లూ 30 శాతమే. వృత్తి పన్నులో 20,000 దగ్గర ఆగిపోయిన నిచ్చెనకు ఇది తోడబుట్టింది. పైగా ఆ అద్దె విలువ అసలు అద్దెతో సంబంధం లేనిది, ఎప్పుడో కట్టిన లెక్క.

కేశవ్ గారూ, మీ వైపు 2021లో అద్దె విలువ తీసేసి ఆస్తి మూలధన విలువ, అంటే ఆస్తి ధర, మీదికి మార్చారు, ఏటా పెంపు 15 శాతం మించకూడదన్నారు. అప్పట్లో దాని మీద ఎంత రచ్చ జరిగిందో గుర్తుంది. రాజకీయం పక్కన పెడితే పద్ధతి సరైనదేనని నా అభిప్రాయం. కాకపోతే ఇళ్ల వరకు అది పెద్దాయన్నీ చిన్నాయన్నీ ఒకే శాతంతో తాకుతుంది. విలువ పెరిగేకొద్దీ రేటు పెరగాలి, మొదటి మెట్టు దగ్గర మినహాయింపు ఉండాలి. అది లేకే విజయవాడలో రిటైరైన మాస్టారు రోడ్డెక్కారు, పెద్ద బంగళా యజమాని చల్లగా ఇంట్లో కూర్చున్నాడు.

ఇప్పుడు మీ ఇద్దరికీ ఇష్టమైన పన్ను దగ్గరికి వస్తాను. రిజిస్ట్రేషన్లు. రెండు రాష్ట్రాల్లోనూ అన్నీ కలిపి 7.5 శాతం. తెలంగాణలో 2021 జులై దాకా ఇది 6 శాతమే. ధనికుల మీద పన్ను అంటే ఇదే కదా అని మీ అధికారులు అనొచ్చు. కాదు. ఇది ఆస్తి ఉన్నవాడి మీద కాదు, ఆస్తి చేతులు మార్చేవాడి మీద పన్ను. వందెకరాలు తాతల నాటి నుంచి పట్టుకుని కూర్చున్నవాడికి పైసా పడదు. ఇరవై ఏళ్లు కూడబెట్టి మొదటి ఫ్లాటు కొన్నవాడికి మూడున్నర, నాలుగు లక్షలు ఒక్క పూటలో పోతాయి. నాకలాగే పోయాయి.

ఆ రోజు మర్చిపోను. బిల్డర్ ఆఫీసులో కాఫీ ఇచ్చి, మేనేజరు చిన్న కాగితం మీద రెండు అంకెలు రాసి నా వైపు తిప్పాడు. ఒకటి వైట్, ఒకటి బ్లాక్. "రిజిస్ట్రేషన్ మార్కెట్ విలువకే చేద్దాం సార్, మీకూ మిగులుద్ది." మన రిజిస్ట్రేషన్ల శాఖ భాషలో 'మార్కెట్ విలువ' అంటే మార్కెట్లో లేని విలువ, ప్రభుత్వం పుస్తకంలో ఉన్నది. ఈ పేరు పెట్టినాయన ఎవరో గానీ మంచి చమత్కారి. నాది బ్యాంకు లోను. మొత్తం చెక్కు రూపంలోనే కట్టాల్సి వచ్చింది, కాబట్టి అడ్డదారి కుదరలేదు. నిజాయతీ కన్నా లోను గట్టిది. లోను అక్కర్లేనివాడి పరిస్థితి ఆలోచించండి. 7.5 శాతం అంటే, పది కోట్ల ఇంటిని నాలుగు కోట్లకు రాయించుకుంటే మిగిలేది 45 లక్షలు. ఇంత ఎర పెట్టి, తర్వాత నల్లధనం అని మనమే మొత్తుకోవడం ఏం న్యాయం?

మహారాష్ట్ర 2020 సెప్టెంబరు నుంచి స్టాంపు డ్యూటీని 5 నుంచి 2 శాతానికి దించింది, కొత్త ఏడాది మూడు నెలలు 3 శాతం. కరోనా కాలంలో, జనం బయటికి రావడానికే భయపడుతున్నప్పుడు, ముంబైలో ఇళ్ల రిజిస్ట్రేషన్లు పోటెత్తాయి. చేతులు మారేటప్పుడు వేసే పన్నుకు మార్కెట్ ఎంతలా బిగుసుకుపోతుందో, వదిలితే ఎలా కదులుతుందో దాన్ని చూస్తే చాలు. ఆ కదలికలో మేస్త్రీకి పని, పెయింటర్‌కి పని, టైల్స్ కొట్టుకు గిరాకీ.

కాబట్టి నేను అడిగేది ఇది. రిజిస్ట్రేషన్ భారం మెల్లగా దించండి, ఏటా కట్టే ఆస్తి పన్నును పైస్థాయిలో పెంచండి. ఉదాహరణకు యాభై లక్షల ఫ్లాటును ముట్టుకోవద్దు. పది కోట్ల ఇంటి మీద విలువలో 0.1 శాతం వేసినా ఏడాదికి లక్ష. నెలకు ఎనిమిది వేల పైచిలుకు. ఆ ఇంట్లో వేసవి కరెంటు బిల్లు అంతకన్నా ఎక్కువే వస్తుంది. దానికోసం ఎవడూ ఇల్లు అమ్ముకుని బెంగళూరు పోడు. ఖాళీ స్థలాల మీద ఇంకొంచెం గట్టిగా వేయవచ్చు. తాళం వేసిన స్థలం ఏటా ఖర్చు పెడుతుంటే, కట్టేవాడికో అమ్మేవాడికో వదులుతారు. అప్పుడు కొనేవాళ్లకు ధర కూడా కాస్త నేలకు దిగవచ్చు.

ఇందులో నష్టమే లేదని చెప్పను. ఇంటి పన్ను పెరిగితే యజమాని ఏమంటాడో అద్దెకున్న ప్రతివాడికీ తెలుసు: "ప్రాపర్టీ టాక్స్ పెరిగిందండీ, వచ్చే నెల నుంచి ఇంకో వెయ్యి." భవనం మీద వేసిన పన్ను కొంత అద్దెలోకి జారుతుంది, తప్పదు. కిందిమెట్లను మినహాయించమని పట్టుబట్టేది అందుకే. భూమి విలువ మీద వేసిన పన్ను అంత తేలిగ్గా జారదు, ఎందుకంటే పన్ను పడిందని ఎకరం తగ్గదు, పెరగదు. పెన్షను మీద బతుకుతూ జూబ్లీహిల్స్‌లో పాత ఇంట్లో ఉండే ఒంటరి ముసలావిడ సమస్య కూడా నిజమే. చేతిలో డబ్బు లేదు, కింద నేల మాత్రం కోట్లు. ఆవిడకు పన్నును బాకీగా రాసి, ఇల్లు అమ్మినప్పుడో వారసులకు వెళ్లినప్పుడో వసూలు చేయవచ్చు. ఆవిడ పేరు చెప్పి పక్కనున్న పాతిక మాల్స్‌ను వదిలేయడం మాత్రం కుదరదు.

వ్యవసాయ ఆదాయం గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాస్తే మా పల్లెలో నన్ను రానివ్వరు. దాని మీద పన్ను వేసే హక్కు పూర్తిగా రాష్ట్రానిదే, 46వ పద్దు. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద పన్ను వేయమని సిఫారసు చేసింది, దాన్ని అటక మీద పెట్టారు. రెండెకరాల కౌలు రైతును నేను అనడం లేదు, ఆయన మీద వేస్తే పాపం. కానీ మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లో నాలుగు మామిడిచెట్లు పెట్టి, ఊళ్లో వ్యాపారం మీద వచ్చిన డబ్బుకు వ్యవసాయం రంగు పూసేవాళ్లను చూశాను. రైతు పేరు అడ్డం పెట్టుకున్న ఆ కొద్దిమందిని విడదీయడం కష్టం, పంట ఆదాయం లెక్కగట్టడం ఇంకా కష్టం, రాజకీయంగా ఆత్మహత్యతో సమానం. అందుకని ఇప్పుడే ముట్టుకోమని అడగను. కనీసం పెట్టుబడి సాయానికి ఎకరాల పరిమితి పెట్టే ధైర్యం చేస్తే చాలు.

ఇక వృత్తి పన్ను. దాన్ని మీరు ఒంటరిగా మార్చలేరు, పార్లమెంటు సవరించాలి. తెలంగాణ నుంచి 17 మంది, ఆంధ్ర నుంచి 25 మంది లోక్‌సభలో ఉన్నారు. నీళ్ల దగ్గర కొట్టుకుంటాం, ఆస్తుల పంపకం దగ్గర కొట్టుకుంటాం. ఈ ఒక్క విషయంలో రెండు అసెంబ్లీలూ ఒకేలాంటి తీర్మానం చేసి పంపితే ఎవరి పరువూ పోదు. పరిమితి ఎత్తేస్తే, వాచ్‌మన్ దగ్గర పట్టే 200 మానేసి, నెలకు రెండు లక్షలు దాటినవాళ్ల దగ్గర మెట్లు మెట్లుగా తీసుకోవచ్చు. దానికి వాళ్లు పారిపోతారా? గచ్చిబౌలిలో కంపెనీ ఉన్నన్నాళ్లు ఎక్కడికి పోతారు? కాలిఫోర్నియాలో జరిగినట్టు జీతాన్ని వేరే పేర్లతో సర్దడానికి ప్రయత్నిస్తారు. సర్దిపెట్టమని మాలాంటివాళ్ల దగ్గరికే వస్తారు. అందుకే రేటు అత్యాశగా పెట్టవద్దని ముందే చెబుతున్నాను. నెలకు వెయ్యి, రెండు వేల దగ్గర ఆగితే, తప్పించుకునే ఏర్పాటుకు నా ఫీజే అంతకన్నా ఎక్కువవుతుంది.

వచ్చిన డబ్బు ఎటు పోతుందో కూడా ముందే రాసిపెట్టండి. మసాచుసెట్స్‌వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది 4 శాతం కన్నా ఆ షరతే. మా వీధిలో ప్రభుత్వ బడికి ప్రహరీ గోడ కూలి రెండు వానాకాలాలైంది. ఆ గోడ ఫలానా పన్నుతో కట్టామని ఒక బోర్డు పెడితే, పన్ను కట్టినవాడు కూడా ఆగి చదువుకుంటాడు.

బడ్జెట్ కన్నా ముందు ఒక్క కాగితం బయట పెట్టండి. అయిదు కోట్లకు పైబడిన ఇళ్లు రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయి, అవి పోయిన ఏడాది కట్టిన ఇంటి పన్ను మొత్తం ఎంత, దాని పక్కనే వైన్ షాపుల మీద వచ్చిన మొత్తం ఎంత. పేర్లు వద్దు, అంకెలు చాలు. మూడు గడుల చిన్న పట్టిక. మీ దగ్గర మనుషులు లేకపోతే చెప్పండి, ఆదివారం వచ్చి నేను చేసిపెడతాను.

ఇట్లు,
మీ ఇద్దరికీ పన్ను కట్టే ఒక అకౌంటెంట్

తా.క. నా ఫ్లాటూ ఆ 30 శాతం మెట్టు మీదే ఉంది. తెనాలిలో నాన్నగారి ఇంటి పన్ను కూడా నేనే కడుతున్నాను. పెంచితే రెండు చోట్లా నాకు తగులుతుందేమోనని మా ఆవిడ ఈ ఉత్తరం చదివి రెండు రోజులుగా మాట్లాడడం లేదు.